సెల్ఫ్ 'టక్' మని ఆగిపోతోందా? మోటార్ మార్చే ముందు వైర్లు కొలవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2004 మారుతి 800. విజయవాడ సింగ్‌నగర్‌లో ఇంటి ముందే పెడతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బానెట్ దాకా మునిగింది. అప్పట్లో ఆయిల్ మార్పించి, కడిగించి, ఎలాగో నడిపించేశారు. ఇప్పుడు తాళం తిప్పితే ఒకసారి సెల్ఫ్ తిరుగుతుంది, ఇంకోసారి 'టక్' మని ఊరుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి ఆపితే మరీ మొండికేస్తుంది. కొత్త బ్యాటరీ వేయించినా తేడా లేదు. ప్లస్ టెర్మినల్ నిండా ఆకుపచ్చ పొడి. మెకానిక్ సెల్ఫ్ మోటార్ మార్చాలంటున్నాడు. వైర్లు మార్చితే సరిపోతుందా, ఏ సైజు వేయాలి, ఇంట్లోనే చేసుకోవచ్చా అన్నది మీ సందేహం.

చివరిదానికి ముందు చెప్తాను. చేసుకోవచ్చు, థింబుల్ (కేబుల్ చివర బోల్టుకి తగిలించే రాగి కన్ను) నొక్కించే పని ఒక్కటి తప్ప. దానికి ఆటోనగర్ వెళ్ళండి. మిగతాదంతా 10, 12 నంబరు పానాలతో, ఒక ఆదివారం పొద్దున చెట్టు నీడలో అయిపోయే పని. కానీ పానా పట్టుకునే ముందు మల్టీమీటర్ పట్టుకోవాలి. మీ బండికి బ్యాటరీ మార్చినప్పుడు ఎవరూ కొలవలేదు, ఇప్పుడు మోటార్ మార్చమంటున్నవాళ్ళూ కొలవలేదు. వరదలో మునిగిన సెల్ఫ్ మోటార్ లోపల పాడవదని నేననను, పాడయ్యే అవకాశం బాగానే ఉంది. అయినా వైరింగ్ అలాగే ఉంచి కొత్త మోటార్ బిగిస్తే, కొత్త బ్యాటరీకి జరిగిందే దానికీ జరుగుతుంది.

కారణం లెక్కలో ఉంది. 800 లాంటి చిన్న పెట్రోలు బండి సెల్ఫ్ కూడా తిరిగేటప్పుడు సుమారు 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది. కదలబోయే తొలి క్షణంలో ఇంకా ఎక్కువ. ఇంట్లో ఏసీకి పెట్టే ఎంసీబీ 16 లేదా 20 ఆంపియర్లది మాత్రమే. ఇంత కరెంటు పోయే దారిలో టెర్మినల్ దగ్గర చిలుము పట్టి ఒక ఓమ్‌లో నూరో వంతు నిరోధం వచ్చిందనుకోండి. 150 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోటే 1.5 వోల్టులు పోతాయి. బ్యాటరీయే ఆ సమయంలో 10, 10.5కి దిగి ఉంటుంది కాబట్టి మోటార్‌కి చేరేది 9 లోపే. పోయిన ఆ వోల్టులు ఊరికే పోవు, అక్కడే 225 వాట్ల వేడిగా మారతాయి. అందుకే రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాక టెర్మినళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో తాకి చూడమంటాను. చురుక్కుమన్నదే దొంగ.

నూరో వంతు ఓమ్‌ను మీ మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి కొలవలేరు. దాని ప్రోబ్ వైర్లకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి. 'బీప్' శబ్దం మీద అసలు ఆధారపడొద్దు. కేబుల్లో నూటికి తొంభై తొమ్మిది పోగులు తెగిపోయి ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది, ఎందుకంటే మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లే. 'వైరు చెక్ చేశాం, బాగానే ఉంది' అని చాలామంది చెప్పేది ఈ బీప్ విని చెప్పేదే. వైరు సంగతి తేలాలంటే దాంట్లో అసలు కరెంటు పోతుండగా రెండు చివరల మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి. దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. గవర్నర్‌పేటలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో కొన్న మామూలు డిజిటల్ మీటర్ అయినా చాలు.

ముందుగా ఇంజిన్ స్టార్ట్ కాకుండా చూసుకోవాలి. మీది ఎంపీఎఫ్ఐ మోడల్ (కార్బురేటర్ కాకుండా కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే రకం) కాబట్టి ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, లైన్లో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఒకసారి కొట్టండి. ప్లగ్ వైరు పీకి గాలిలో వదిలేసి సెల్ఫ్ కొట్టే అలవాటు కొందరికి ఉంది, అలా చేయొద్దు. కాయిల్ దెబ్బతింటుంది, పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ కూడా మంచిది కాదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి. తాళం తిప్పడానికి ఒక మనిషి కావాలి. ప్రతిసారీ మూడు నాలుగు సెకన్లు చాలు, మధ్యలో అర నిమిషం మోటార్‌కి విశ్రాంతి ఇవ్వండి. మీటర్ 20 వోల్టుల డీసీ మీద ఉండాలి.

మొదట బ్యాటరీ. రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక పొద్దున్నే 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం. సగంతో ఈ పరీక్షలు చేయొద్దు, చార్జ్ చేయించాకే మొదలుపెట్టండి. తర్వాత సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. ప్రోబులు సీసం పోస్టు మీదే ఆనించండి, దాని చుట్టూ ఉన్న క్లాంపు మీద కాదు. తొలిసారి చేసేవాళ్ళు అందరూ ఇక్కడే పొరబడతారు. చిలుము ఉండేది పోస్టుకీ క్లాంపుకీ మధ్యనే. క్లాంపు మీద కొలిస్తే అసలు జబ్బు లెక్కలోకే రాదు. సెల్ఫ్ తిరుగుతుండగా పోస్టుల మధ్య 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీ బలహీనం, లేదా మోటార్ మితిమీరి లాగుతోంది. సెల్ఫ్ టక్‌మని ఊరుకుంటున్నా మీటర్ మాత్రం 12 పైనే నిలబడి ఉంటే బ్యాటరీ తప్పు కాదు, కరెంటు ఎక్కడో దారిలోనే ఆగిపోతోంది. మీ విషయంలో ఈ రెండోదే కనిపిస్తుందని నా అంచనా.

ఇక అసలు పరీక్ష. ఎరుపు ప్రోబు ప్లస్ పోస్టు మీద, నలుపు ప్రోబు సెల్ఫ్ సొలినాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి) మీద లావు కేబుల్ బిగించిన బోల్టు మీద పెట్టండి. దాన్ని బి టెర్మినల్ అంటారు. సెల్ఫ్ కొట్టమనండి. మంచి వైరింగ్‌లో 0.2, 0.3 లోపు వస్తుంది, 0.5 దాటితే ప్లస్ వైపు తేడా ఉన్నట్టు. అప్పుడు దారిలో ముక్కలు ముక్కలుగా కొలవండి: పోస్టుకీ క్లాంపుకీ మధ్య, క్లాంపుకీ కేబుల్ చివరి థింబుల్‌కీ మధ్య, ఆ థింబుల్‌కీ బోల్టుకీ మధ్య. ఒక్కో జాయింటులో 0.1 కంటే ఎక్కువ పోకూడదు. తర్వాత మైనస్ వైపు. ఒక ప్రోబు మైనస్ పోస్టు మీద, ఇంకోటి సెల్ఫ్ మోటార్ బాడీ మీద రంగు లేని శుభ్రమైన ఇనుము మీద. 0.2 దాటకూడదు. అలాగే మైనస్ పోస్టుకీ బండి బాడీకీ మధ్య కూడా చూడండి.

ఇక్కడొక మెలిక ఉంది. సెల్ఫ్ అసలు తిరగకుండా టక్‌మని ఆగినప్పుడు కేబుళ్ళలో కరెంటే పోకపోవచ్చు, అప్పుడు పాడైన కేబుల్ కూడా సున్నా చూపించి మంచివాడిలా నటిస్తుంది. అందుకే ఆ క్షణంలో సొలినాయిడ్ మీద ఉన్న రెండు లావు బోల్టుల మధ్య కూడా కొలవండి, బి నుంచి మోటార్‌లోకి దిగే ఎం బోల్టు దాకా. టక్ శబ్దం వచ్చాక కూడా ఆ రెండింటి మధ్య 12 వోల్టులు నిలబడి ఉంటే సొలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కలవడం లేదు. ఆ టక్‌కి కారణం కేబుల్ కాదు, మెకానిక్ మాట సగం నిజం. సగమే ఎందుకంటే చాలా మోటార్లకు సొలినాయిడ్ ఒక్కటే విడిగా మార్చుకోవచ్చు.

మీటర్ చేతిలో లేదా? జంపర్ కేబుల్ ఒకటి అరువు తెచ్చుకుని ఒక చివర మైనస్ పోస్టుకీ రెండో చివర ఇంజిన్ మీద ఏదైనా పచ్చి ఇనుప బోల్టుకీ తగిలించి సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ ఒక్కసారిగా హుషారుగా తిరిగితే ఎర్త్ కేబుల్ పోయినట్టే.

ఎర్త్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఎవరూ పట్టించుకోని వైపు అది. ప్లస్ టెర్మినల్ మీద పొడి కళ్ళకు కనబడుతుంది, కాబట్టి అందరూ దాన్నే గీకుతారు. ఎర్త్ కేబుల్ గేర్‌బాక్స్ మీద బిగించిన చోటు కింద మట్టి, ఆయిల్ మధ్య దాగి ఉంటుంది. బ్యాటరీ నుంచి మోటార్‌కి ఎంత కరెంటు వెళ్తుందో అంతా ఇంజిన్ మీదుగా ఎర్త్ దారినే తిరిగి రావాలి. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి బాడీకి దానికి ఇనుప సంబంధం ఎక్కడుందంటే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. 800లో క్లచ్ కేబుల్‌దే కదా. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ సన్నని ఉక్కు తీగల్లోంచి వంద ఆంపియర్లు పోవాలని చూస్తాయి. కేబుల్ వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ పూత కరిగి, క్లచ్ బిగుసుకుపోతుంది. క్లచ్ కేబుల్ మాటిమాటికీ పోతోందని తిట్టుకుంటూ కొత్తవి వేయించుకునేవాళ్ళను చూశాను, వాళ్ళ బండికి కావాల్సింది మూరెడు ఎర్త్ స్ట్రాప్. మీ క్లచ్ ఈమధ్య గట్టిపడిందేమో గుర్తు తెచ్చుకోండి.

వరదనీళ్ళ సంగతి వేరే. బ్యాటరీ ఆసిడ్ ఆవిరి వల్ల వచ్చే పొడి టెర్మినల్ పైన ఉంటుంది, తుడిస్తే పోతుంది. నీట మునిగిన కేబుల్ అలా కాదు. థింబుల్ దగ్గర తెరుచుకుని ఉన్న చివర నుంచి దీపం వత్తి నూనె పీల్చినట్టు రాగిపోగులు ఆ బురదనీటిని లోపలికి పీల్చుకుంటాయి. పైన రబ్బరు కొత్తదానిలా నిగనిగలాడుతుంటుంది, లోపల రాగి నెలల తరబడి కుళ్ళుతూనే ఉంటుంది. పాత కేబుల్ విప్పాక థింబుల్ నుంచి జానెడు దూరంలో బ్లేడుతో తొడుగు నిలువునా చీల్చి చూడండి. లోపల ఎర్రగా మెరిస్తే అదృష్టం. నల్లగా, గోకితే మసిలా వేలికి అంటుకుంటూ, మధ్యమధ్య పచ్చని బూడిదతో, రెండుసార్లు వంచితే పోగులు పుటుక్కున తెగిపోతుంటే కేబుల్ మొత్తం మార్చాల్సిందే. చివర కోసేసి కొత్త థింబుల్ వేయడం వల్ల లాభం లేదు. నల్లబడ్డ రాగి మీద ఎంత గట్టిగా నొక్కినా కరెంటు సరిగా దాటదు. వరదలో మునిగిన బండికి నేనైతే కొలతలతో పని లేకుండా ప్లస్, మైనస్ రెండూ మార్పిస్తాను. ఒకటి మార్చి ఒకటి వదిలేయడం ఎందుకు?

ఎండలో మొండికేయడానికి కూడా ఇక్కడే జవాబు ఉంది. ప్రతి డిగ్రీకీ రాగి నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. ఆపిన బండి బానెట్ కింద వేడి 30 నుంచి 80 డిగ్రీలకు పోతే సుమారు ఐదో వంతు పెరిగినట్టు, కేబుల్లోనూ మోటార్ చుట్టల్లోనూ. ఆరోగ్యంగా ఉన్న బండికి ఇది లెక్కలోకి రాదు. అంచున నడుస్తున్న బండి ఈ కాస్త తేడాతోనే ఆగిపోతుంది. మన మే నెల సంగతి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు సైజు. 800కి ఒరిజినల్ రెడీమేడ్ కేబుల్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికితే అదే తీసుకోండి, పొడవు, వంపులు, క్లాంపు అన్నీ సరిగ్గా కూర్చుంటాయి. దొరక్కపోతే 25 స్క్వేర్ ఎంఎం మెత్తని రాగి కేబుల్ చేయించుకోండి. ఆ సైజు రాగికి మీటరుకి 0.78 మిల్లీ ఓమ్‌లు. 150 ఆంపియర్ల దగ్గర మీటరుకి 0.12 వోల్టు మాత్రమే పోతుంది. 16 స్క్వేర్ అయితే 0.18, అదీ నడుస్తుంది. 10 స్క్వేర్ అంటగడితే తీసుకోవద్దు. పాత డీజిల్ బండ్లకు 35 లేదా 50 వేయాలి, మీకది అవసరం లేదు. కొందరు వెల్డింగ్ కేబుల్ వేస్తారు. సన్నటి పోగులతో చక్కగా వంగుతుంది, రాగి కూడా మంచిదే. కానీ దాని రబ్బరు తొడుగు అన్ని రకాల్లోనూ ఆయిల్‌ని, పెట్రోలుని తట్టుకోదు. వేస్తే పైన తప్పనిసరిగా ముడతల గొట్టం తొడగండి.

నకిలీ రాగి విషయంలో మాత్రం జాగ్రత్త. పైన రాగిపూత, లోపల అల్యూమినియం ఉన్న కేబుల్ విరివిగా అమ్ముతున్నారు, చూపుకి ఒకేలా ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీరండి, లోపల తెల్లగా కనబడితే అల్యూమినియమే. చేత్తో పట్టుకున్నా తెలుస్తుంది, రాగి అల్యూమినియం కంటే మూడింతలకు పైగా బరువు. అల్యూమినియం అదే సైజు రాగి కంటే నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే, పైగా నొక్కిన చోట కాలం గడిచేకొద్దీ వదులై, తేమ తగిలితే రాగి కంటే త్వరగా తినేస్తుంది. 'ఆడియో సిస్టమ్ కేబుల్, మందంగా ఉంది చూడండి' అని చూపించేవాటిలో ఇవే ఎక్కువ.

పొడవు కొలవడానికి టేపు కాదు, పురికొస తీసుకోండి. పాత కేబుల్ నడిచిన దారినే పురికొస నడిపించి, ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు ఊగుతుంది కాబట్టి బెత్తెడు ఎక్కువ ఉంచి కత్తిరించండి. థింబుల్ కొనేటప్పుడు రెండు అంకెలు చూసుకోవాలి. 25-8 అంటే 25 స్క్వేర్ కేబుల్, 8 ఎంఎం బోల్టు రంధ్రం. తగరం పూత ఉన్న రాగి థింబుల్ తీసుకోండి. రంధ్రం పెద్దదైనా ఫరవాలేదనుకుని 10 తీసుకుంటే బోల్టుకి ఆనే వైశాల్యం తగ్గి అక్కడే వేడెక్కుతుంది.

నొక్కించడం గురించి. విజయవాడ జవహర్ ఆటోనగర్లో బ్యాటరీ కేబుళ్ళు తయారుచేసే షాపుల్లో హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్ ఉంటుంది. గుంటూరు వైపు ఉన్నవాళ్ళకు అక్కడి ఆటోనగర్ ఉంది. షడ్భుజి ఆకారంలో అచ్చు పడేలా, గొట్టం పొడవుని బట్టి రెండు చోట్ల నొక్కమనండి. సుత్తితో కొట్టి, ఉలితో గాటు పెట్టి ఇచ్చేవాళ్ళుంటే వద్దనండి. పోగుల మధ్య గాలి మిగిలిపోతుంది, ఆ గాలిలోనే మళ్ళీ చిలుము మొదలవుతుంది. సోల్డర్ పోస్తే గట్టిగా ఉంటుందిగా అని అడుగుతారు. నొక్కకుండా సోల్డర్ ఒక్కటే నమ్మడం నాకిష్టం లేదు. మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. జాయింటు వేడెక్కిన రోజు అదే ముందు జారిపోతుంది. పైగా సోల్డర్ పోగుల్లోకి పాకి, అది ఆగిన చోట కేబుల్ కట్టెలా బిరుసెక్కి, ఇంజిన్ ఊపుకి అక్కడే విరుగుతుంది. తొడుగు ఒలిచేటప్పుడు ఒక్క పోగు కూడా తెగకూడదు, గొట్టం లోతుకంటే ఒకటి రెండు ఎంఎం మాత్రమే ఎక్కువ ఒలవాలి. లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం నొక్కించే ముందే కేబుల్‌కి ఎక్కించాలి. రెండు చివరలా థింబుల్ పడ్డాక అది ఎక్కదు. ఆ జిగురు కరిగి థింబుల్ మెడ చుట్టూ బయటికి కొద్దిగా ఉబికితే సీలు పడినట్టు. తర్వాత ఎప్పుడు వాన పడ్డా, వరదొచ్చినా లోపలికి నీళ్ళు ఎక్కకుండా కాపాడేది అదే.

విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే ఆ పానాలోంచి వందల ఆంపియర్లు పోతాయి. మైనస్ తీసేసి ఉంటే తగిలినా ఏమీ కాదు. ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ప్లస్ క్లాంపుకి లావు కేబుల్‌తోపాటు మెయిన్ ఫ్యూజుకీ చార్జింగ్‌కీ వెళ్ళే సన్న వైర్లుంటాయి. వాటిలో ఫ్యూజిబుల్ లింక్ అనేది మామూలు వైరులా కనిపిస్తుంది కానీ ప్రమాదం వస్తే కాలిపోవడానికే పెట్టింది. దాని చివర నల్లబడితే అదే రేటింగ్‌ది కొత్తది వేయండి, చేతికి దొరికిన వైరు ముక్కతో కలపొద్దు. సెల్ఫ్‌కి వెళ్ళే లావు కేబుల్‌కి ఎలాగూ ఫ్యూజు ఉండదు. అది ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే ఆపేదేమీ లేదు, మంటే. అందుకే కొత్త కేబుల్‌ని సైలెన్సర్ మానిఫోల్డ్‌కీ తిరిగే షాఫ్టుకీ దూరంగా, ముడతల గొట్టంలో, క్లిప్పులతో కట్టి నడిపించాలి. రేకులోంచి దాటే చోట రబ్బరు గ్రోమెట్ ఉండి తీరాలి.

బ్యాటరీ పోస్టులు కడగడానికి గ్లాసు వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా చాలు. పైన పోస్తే బుసబుసమని నురుగొస్తుంది, ఆసిడ్ విరిగిపోతున్నట్టు. మూతలన్నీ బిగించి ఉండాలి, ఆ నీళ్ళు చుక్క కూడా లోపలికి పోకూడదు. నురుగు ఆగాక మంచినీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. ట్రే తుప్పు పట్టి ఉంటే ఇదే అవకాశం, గీకి రెడాక్సైడ్ కొట్టేయండి. కళ్ళద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు, దగ్గర్లో సిగరెట్ వద్దు. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ అక్కడ ఉంటుంది.

800లో వచ్చే చిన్న బ్యాటరీలకు పోస్టులు సన్నగా ఉంటాయి. లావు పోస్టు క్లాంపు తెచ్చి, మధ్యలో మేకో, డబ్బా రేకు ముక్కో దూర్చి బిగించిన బండ్లు వీధికొకటి కనిపిస్తాయి. మీరు పంపిన ఫొటోలో కూడా ప్లస్ వైపు అలాంటిదేదో మెరుస్తోంది, చూడండి. పోస్టుకి సరిపోయే క్లాంపే వేయాలి. వైరుని రెండు బోల్టుల కింద పట్టీతో అదిమే రకం క్లాంపులు దారిలో ఇబ్బంది పడినప్పుడు వాడుకోవడానికే, శాశ్వతంగా కాదు. వాజిలిన్ పూత బిగించడం పూర్తయ్యాక పైన రాయండి.

సెల్ఫ్ దగ్గర పని చేయడానికి బండి పైకెత్తాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. బి బోల్టు మెత్తని రాగిది, కింద నట్టుని ఒక పానాతో పట్టుకుని పైది బిగించాలి, బలం చూపిస్తే బోల్టు లోపలే తిరిగి సొలినాయిడ్ పోతుంది. ఎర్త్ బోల్టు దగ్గర మాత్రం కనికరం వద్దు. రంగు, గ్రీజు, తుప్పు పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్ది, పళ్ళ వాషర్ వేసి గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు పూయండి. ఇంజిన్ నుంచి బాడీకి 16 స్క్వేర్‌తో ఇంకో స్ట్రాప్ అదనంగా వేయండి. ఖర్చు పెద్దగా ఉండదు, క్లచ్ కేబుల్ బతుకుతుంది, హెడ్‌లైట్లు కూడా కాస్త తెల్లబడొచ్చు.

అన్నీ బిగించాక అవే చోట్ల మళ్ళీ కొలవండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మధ్య 13.8 నుంచి 14.5 ఉండాలి. 14.8 దాటుతుంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చూపించండి. ఎక్కువ చార్జింగ్ వల్లే ఆసిడ్ ఆవిరి లేచి ప్లస్ మీద పొడి కడుతుంది, కేబుల్ మార్చినా కొన్నాళ్ళకు అదే కథ. డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాటి పోసినా అంతే, పొంగి పైకొస్తుంది. ఎండాకాలం నీళ్ళు త్వరగా తగ్గుతాయని మన ఊళ్ళో నిండా నింపేస్తారు. ఆర్‌ఓ నీళ్ళు, మినరల్ వాటర్ బాటిల్ అసలు పోయొద్దు. బ్యాటరీ తీసి పెట్టాక మొదటి కొన్ని నిమిషాలు ఐడిల్ కాస్త ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. కంప్యూటర్ మళ్ళీ నేర్చుకుంటుంది, దానికి టెన్షన్ పడొద్దు.

లావు వైర్లన్నీ బాగున్నా టక్ మిగిలిపోతే చూడాల్సింది సొలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు. ఎస్ టెర్మినల్ అంటారు, నెట్టి తొడిగే స్పేడు. తాళం తిప్పినప్పుడు అక్కడికి 10 వోల్టుల పైన రావాలి. ఇరవై ఏళ్ళ ఇగ్నిషన్ స్విచ్చి లోపల కాంటాక్టులు అరిగి, వరద తేమ తోడై 8 మాత్రమే వస్తుంటే సొలినాయిడ్ సగం దూరం లాగి వదిలేస్తుంది. ముందు ఆ స్పేడు మార్చండి, వదులుగా నల్లగా ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఒక 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) వేయించండి. దాని కాళ్ళ మీద 30, 85, 86, 87 అని నంబర్లుంటాయి. స్విచ్చి నుంచి వచ్చే పాత వైరు 86కి, 85 ఎర్త్‌కి, బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి సొలినాయిడ్‌కి. రిలేని పైన, నీళ్ళు తగలని చోట, కాళ్ళు కిందికి ఉండేలా బిగించాలి.

డాష్‌బోర్డు కింద ఫ్యూజు బాక్సు, కంప్యూటర్ కనెక్టర్లు కూడా పచ్చబడి ఉంటే మాత్రం ఇంట్లో చేయొద్దు, అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వండి. అలాగే చివరికి సెల్ఫ్ మోటార్ విప్పించాల్సి వస్తే కొత్తది కొనే ముందు ఆటోనగర్లోనే మీ ఎదురుగా తెరిపించండి. బ్రష్‌లు, బుష్‌లు, సొలినాయిడ్ లోపలి రాగి ముక్కలు మూడూ మారిస్తే చాలా మోటార్లు మళ్ళీ లేస్తాయి. ఆర్మేచర్ చుట్టలు కాలి నల్లబడి ఉంటేనే మొత్తం మార్చుకోవాలి. ఈలోపు కొలత తీసుకుంటే పోస్టు నుంచి బి దాకా ఎంత, మైనస్ నుంచి మోటార్ బాడీ దాకా ఎంత, బి నుంచి ఎం దాకా ఎంత, ఎస్ దగ్గర ఎంత అన్న నాలుగు అంకెలూ ఇక్కడ రాయండి. ఏ ముక్క మార్చాలో చెప్తాను.